తెలుగు వ్యాస భేదాలు – లక్షణాలు: వికారాబాద్, తాండూరు ప్రాంత నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
వ్యాసాన్ని వర్ణనాత్మకం, కథనాత్మకం, వివరణాత్మకం, చర్చాత్మకం అని నాలుగుగా విభజించి బోధించడం నేటి కళాశాలల్లో స్థిరపడిన పద్ధతి. ఈ విభజన ఆంగ్ల రచనాబోధన నుంచి వచ్చింది. తెలుగు వ్యాసం తన చరిత్రలో ప్రమేయం, ఉపన్యాసం, సంపాదకీయం, పరిశోధన వ్యాసం వంటి రూపాలుగా ఎదిగింది. తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ భాషలు ఒకదానికొకటి దగ్గరగా మసలే వికారాబాద్, తాండూరు ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని, వ్యాస భేదాలను పాఠకుడితో రచయిత చేసుకునే ఒడంబడికను బట్టి గుర్తించవచ్చునని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వ్యాసం, ప్రమేయం, ఉపన్యాసం, మజ్మూన్, లలిత ప్రబంధం, స్థానిక చరిత్ర, వికారాబాద్, తాండూరు.

1. ఉపోద్ఘాతం

వికారాబాద్, తాండూరు పట్టణాల మీదుగా సాగే వాడి–సికింద్రాబాద్ రైలుమార్గం 1874లో ప్రారంభమైంది. అదే సంవత్సరం కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ పత్రికను మొదలుపెట్టారు. అదే సంవత్సరం మహారాష్ట్రలో విష్ణుశాస్త్రి చిపళూణకర్ ‘నిబంధమాల’ను ప్రారంభించారు. ఈ మూడింటికీ కార్యకారణ సంబంధం లేదు. అయినా ఒక కాలం స్వభావం వీటిలో కనిపిస్తుంది. అచ్చుయంత్రం, తపాలా, రైలు కలిసి, ముఖపరిచయం లేని పాఠకుడి దగ్గరకు రచయిత మాటను చేర్చడం మొదలైన కాలమది. వ్యాసం అటువంటి పాఠకుడి కోసం పుట్టిన ప్రక్రియ. పద్యానికి శ్రోత, నాటకానికి ప్రేక్షకుడు ఎదురుగా ఉంటారు. వ్యాసకర్తకు ఎదురుగా కాగితమే ఉంటుంది. కనుక తనను ఎందుకు నమ్మాలో ఆ కాగితం మీదే చెప్పుకోవలసిన బాధ్యత అతనిది.

వ్యాస భేదాల చర్చలో ఈ బాధ్యత సాధారణంగా ప్రస్తావనకు రాదు. వ్యాసం ఏ విభాగానికి చెందుతుందో గుర్తించడంతో చర్చ ముగుస్తుంది. ఆ విభాగాలు ఎక్కడి నుంచి వచ్చాయి, తెలుగు వ్యాసం నడిచిన దారికి అవి ఎంతవరకు సరిపోతాయి అన్నవి పరిశీలించవలసిన ప్రశ్నలు. అనేక భాషల వ్యాస సంప్రదాయాలు కలిసే సరిహద్దు ప్రాంతం నుంచి చూసినప్పుడు ఈ ప్రశ్నలకు స్పష్టత వస్తుంది.

2. విభజన పుట్టుక

‘వ్యాసం’ అనే మాటకు విస్తరించడం, విడదీసి అమర్చడం అని అర్థం. సంస్కృతంలో ‘సమాసం’ కుదింపును, ‘వ్యాసం’ విస్తరణను తెలిపే జంట పదాలు. ఫ్రెంచి రచయిత మాంటేన్ 1580లో తన రచనలకు పెట్టిన పేరుకు ‘ప్రయత్నం’ అని అర్థం. 1597లో ఫ్రాన్సిస్ బేకన్ ఆ పేరునే ఆంగ్లంలోకి తెచ్చినా, ఆయన వ్యాసాలు ఆత్మకథనానికి దూరంగా, సూత్రప్రాయంగా సాగాయి. ఒకే పేరు కింద రెండు భిన్నమైన స్వభావాలు మొదటి రోజుల్లోనే ఏర్పడ్డాయన్నమాట. ఆత్మాశ్రయం, వస్త్వాశ్రయం అనే భేదానికి మూలం ఇక్కడే ఉంది.

వర్ణన, కథన, వివరణ, చర్చ అనే విభజన వీటి తరువాతది. స్కాట్లండుకు చెందిన అలెగ్జాండర్ బెయిన్ 1866లో ప్రచురించిన ఆంగ్ల రచనాబోధన గ్రంథంలో వర్ణన, కథన, వివరణ, ప్రబోధం, కవిత్వం అనే రచనా రీతులను పేర్కొన్నారు. ఈ తరహా వర్గీకరణ పాఠశాలల అవసరం కోసం ఏర్పడింది. విద్యార్థి చేత క్రమంగా అభ్యాసం చేయించడానికి, రాసినదాన్ని దిద్దడానికి ఇది ఎంతో అనుకూలం. అయితే అభ్యాసం కోసం ఏర్పడిన విభజనను సాహిత్య చరిత్రకు కొలబద్దగా వాడినప్పుడు చిక్కులు వస్తాయి. గొప్ప వ్యాసాలలో ఈ నాలుగు రీతులూ కలిసే ఉంటాయి. వర్ణన లేని చర్చ పొడిగా ఉంటుంది, వివరణ లేని కథనం కథగా మారిపోతుంది. కనుక ఇవి రచనలో వాడే పనిముట్లు. ఒక పనిముట్టు పేరును మొత్తం కట్టడానికి పెట్టడం వల్ల ఆ కట్టడం ఎందుకు కట్టారో తెలియదు.

3. తెలుగులో వ్యాసం నడిచిన దారి

తెలుగు వ్యాసానికి తొలి రూపంగా పలువురు సాహిత్య చరిత్రకారులు సామినేని ముద్దునరసింహం నాయుడి ‘హితసూచని’ని పేర్కొంటారు. రచయిత మరణానంతరం 1862లో వెలువడిన ఈ గ్రంథంలోని రచనలకు ఆయన పెట్టుకున్న పేరు ‘ప్రమేయాలు’. ప్రమాణం చేత తెలుసుకోదగినది ప్రమేయం. ఇది తర్కశాస్త్ర పరిభాష. విద్య, వివాహం, మూఢవిశ్వాసాల వంటి విషయాలను హేతువుతో పరిశీలించి చెప్పదలచిన రచయిత ఈ పేరును ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. చెప్పేదానికి ప్రమాణం చూపుతాననే పూచీ ఆ పేరులోనే ఉంది. వ్యావహారికానికి దగ్గరైన భాషను ఎంచుకోవడం కూడా ఆ పూచీలో భాగమే.

వీరేశలింగం తన రచనలను ‘ఉపన్యాసాలు’ అన్నారు. ఆయన వ్యాసాలలో ఎదుట సభ ఉన్నట్లే వాక్యం సాగుతుంది. ప్రశ్న, సమాధానం, మందలింపు, పునరుక్తి ఉంటాయి. సంఘాన్ని కదిలించడం లక్ష్యం కనుక ఆ గుణాలు ఈ రకానికి దోషాలు కావు. ఇదే శాఖ విద్వత్ ప్రసంగంగా పరిణతి చెందినప్పుడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ‘వేమన’ వంటి రచన వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పక్షాన 1928లో చేసిన ప్రసంగాలు ఆ గ్రంథానికి ఆధారం.

పానుగంటి లక్ష్మీనరసింహారావు ‘సాక్షి’ వ్యాసాలు మరో మలుపు. 1913లో ‘సువర్ణలేఖ’లో మొదలై, తరువాత ‘ఆంధ్రపత్రిక’లో కొనసాగిన ఈ వ్యాసాలకు అడిసన్, స్టీల్ 1711లో ప్రారంభించిన ‘స్పెక్టేటర్’ స్ఫూర్తి. అయితే పానుగంటి ‘సాక్షి సంఘం’ అనే కల్పిత సంస్థను, జంఘాలశాస్త్రి అనే వక్తను సృష్టించి, వ్యాసానికి నాటకీయతను తెచ్చారు. ఇందులో కథనం, వర్ణన, చర్చ మూడూ ఉన్నాయి. బెయిన్ విభజన ప్రకారం ‘సాక్షి’ని ఏ ఒక్క విభాగంలో ఉంచినా మిగిలిన రెండింటికీ అన్యాయం జరుగుతుంది.

పరిశోధన వ్యాసానికి తెలుగులో పునాది వేసినవారిలో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ముఖ్యులు. మరాఠీలోనూ రచనలు చేసిన ఆయన, శాసనాన్ని, కావ్యాన్ని, జనశ్రుతిని వేర్వేరు విలువలు గల ఆధారాలుగా చూడడం నేర్పారు. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి, సైన్సు, చరిత్ర విషయాలను తెలుగు వచనంలో చెప్పవచ్చునని నిరూపించింది. 1923లో ఆయన మరణించిన తరువాత ఆయన పేరుతో పనిచేసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ ప్రచురించింది. ఆధారాన్ని పాఠకుడి ముందు ఉంచి, సరిచూసుకొనే అవకాశం ఇవ్వడం ఈ శాఖ ప్రధాన లక్షణం.

4. సరిహద్దులో వ్యాసానికి నాలుగు పేర్లు

వికారాబాద్, తాండూరు ప్రాంతం పాలనాపరంగా పలుమార్లు చేతులు మారింది. తాండూరు తాలూకా హైదరాబాదు రాజ్యంలో గుల్బర్గా జిల్లాలో ఉండేది. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో అది హైదరాబాదు జిల్లాలోకి, అదే గుల్బర్గా జిల్లాకు చెందిన కొడంగల్ తాలూకా మహబూబ్‌నగర్ జిల్లాలోకి చేరాయి. 1978లో రంగారెడ్డి జిల్లా, 2016 అక్టోబర్ 11న వికారాబాద్ జిల్లా ఏర్పడ్డాయి. వికారాబాదు నుంచి రైలుమార్గం ఒకటి బీదర్ వైపు చీలుతుంది, మరొకటి తాండూరు మీదుగా వాడి వైపు సాగుతుంది. ఈ రెండు మార్గాలూ తెలుగువారిని కన్నడ, మరాఠీ, ఉర్దూ భాషల మధ్యకు తీసుకుపోతాయి.

ఇక్కడ వ్యాసానికి గల పేర్లను పక్కపక్కన ఉంచి చూడడం ప్రయోజనకరం. కన్నడంలో వ్యాసాన్ని ‘ప్రబంధ’ అంటారు. తెలుగు విద్యార్థికి ప్రబంధం అనగానే పదహారో శతాబ్దపు పద్యకావ్యం గుర్తుకు వస్తుంది. కాగ్నా నదికి దిగువన, ఆట్టే దూరం లేని కన్నడ పాఠశాలలో అదే మాటకు అర్థం వచన వ్యాసం. మరాఠీలో ‘నిబంధ’ అంటారు. ఉర్దూలో ‘మజ్మూన్’ అంటారు. నిబంధం, ప్రబంధం అనే మాటల్లో కూర్చి కట్టడం ఉంది, వ్యాసంలో విస్తరణ ఉంది, మజ్మూన్‌లో విషయవస్తువుకు ప్రాధాన్యం ఉంది. ఒకే ప్రక్రియకు నాలుగు భాషలు నాలుగు గుణాలను ముఖ్యమని ఎంచుకున్నాయి.

పేర్లతోపాటు ఉపవిభాగాలూ మారాయి. కన్నడంలో ‘లలిత ప్రబంధ’ గౌరవప్రదమైన ప్రత్యేక శాఖ. గొరూరు రామస్వామి అయ్యంగార్, ఎ.ఎన్. మూర్తిరావు వంటివారు దాన్ని పెంచారు. ఉర్దూలో గంభీరమైన మజ్మూన్‌కు, తేలికపాటి ‘ఇన్షాయియా’కు, వ్యక్తిచిత్రణ అయిన ‘ఖాకా’కు వేర్వేరు పేర్లున్నాయి. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1870లో ప్రారంభించిన ‘తహ్జీబుల్ అఖ్లాక్’కు కూడా ‘స్పెక్టేటర్’ ఆదర్శమే. ఒకే ఆంగ్ల పత్రిక ఉర్దూలో సంస్కరణ వ్యాసానికీ, తెలుగులో హాస్య వ్యాసానికీ ప్రేరణ కావడం, వ్యాస భేదాన్ని మూలం నిర్ణయించదని, స్థానిక అవసరం నిర్ణయిస్తుందని తెలుపుతుంది.

తాండూరుకు పొరుగున ఉన్న చించోలిలో 1936లో జన్మించిన ముజ్తబా హుస్సేన్ ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినవారు. హైదరాబాదు ‘సియాసత్’ పత్రికలో హాస్య శీర్షికతో మొదలుపెట్టి, ఉర్దూ హాస్య వ్యాసంలో, ఖాకా రచనలో అఖిల భారత స్థాయి గుర్తింపు పొందిన ఆయనకు 2007లో పద్మశ్రీ లభించింది. ఈ నేలకు అతి దగ్గరగా పుట్టిన ప్రసిద్ధ వ్యాసకర్త రాసిన భాష ఉర్దూ. ఈ ప్రాంతపు వ్యాస చరిత్రను తెలుగుకే పరిమితం చేసి రాస్తే అది అసమగ్రమవుతుందనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

5. తెలంగాణలో వ్యాసం మోసిన బరువు

హైదరాబాదు రాజ్యంలో 1884 ప్రాంతంలో పారశీకం స్థానాన్ని ఉర్దూ ఆక్రమించింది. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. ఈ స్థితిలో తెలుగులో వ్యాసం రాయడమే ఒక వాదన. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కరణ సభలో న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు కొందరు ఎగతాళి చేశారు. ఆ అవమానం ఆంధ్రజనసంఘం పుట్టుకకు దారితీసింది. తెలుగులో ఉపన్యసించే హక్కు కోసం సంఘం పెట్టుకోవలసి వచ్చిన చోట, ఉపన్యాసం ఒక సాహిత్య విభాగంగా మాత్రమే మిగలదు.

1922లో ‘నీలగిరి’, ‘తెనుగు’ పత్రికలు, 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో ‘గోలకొండ పత్రిక’ వెలువడ్డాయి. సురవరం చేతిలో సంపాదకీయం, పరిశోధన వ్యాసం, సంస్కరణ వ్యాసం వేర్వేరు గదుల్లో ఉండిపోలేదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న అభిప్రాయం వెలువడినప్పుడు, ఆయన ఖండన వ్యాసంతో సరిపెట్టుకోలేదు. 354 మంది కవుల రచనలతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు. చర్చకు జవాబు ఆధారంతో ఇవ్వాలన్న ఈ వైఖరి తెలంగాణ వ్యాసానికి మౌలిక గుణంగా నిలిచింది. 1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కావ్యాల నుంచి తిండి, బట్ట, ఆట, పండుగ వివరాలను ఏరి చరిత్రగా అమర్చారు. అందులో పరిశోధకుడి నిష్ఠ ఉంది, పత్రికా రచయిత చురుకుదనమూ ఉంది. 1955లో ఆ గ్రంథానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

6. ఒకే వస్తువు – భిన్న ఒడంబడికలు

వ్యాస భేదానికి మూలం ఏమిటో తెలుసుకోవడానికి ఒకే వస్తువును భిన్న రకాల వ్యాసాలలో ఊహించి చూడవచ్చు. వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండల్లో మూసీ నది పుడుతుంది. హైదరాబాదు మీదుగా ప్రవహించి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది.

అనంతగిరి అడవిని, అనంతపద్మనాభస్వామి ఆలయాన్ని, వానాకాలపు లోయను చూపే వ్యాసం వర్ణనాత్మకం. ‘చూసినది చెబుతున్నాను’ అన్నది దాని ఒడంబడిక. చూడనిదాన్ని చేర్చితే అది భంగమవుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచిన క్రమాన్ని, తరువాత విశ్వేశ్వరయ్య సూచనలతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చిన తీరును చెప్పేది కథనాత్మకం. ‘జరిగిన వరుసలో చెబుతున్నాను’ అన్నది ఇక్కడి పూచీ. నది పుట్టే చోట కొండ నేల స్వభావం, అడవి సాంద్రత ప్రవాహాన్ని ఎలా ప్రభావితం చేస్తాయో చెప్పేది వివరణాత్మకం. అందులో ప్రతి మెట్టూ పాఠకుడికి అర్థం కావాలి. పరీవాహక ప్రాంతంలో కట్టడాలకు అనుమతి ఉండాలా వద్దా అని తర్కించేది చర్చాత్మకం. ‘ఎదుటి పక్షం మాటను దాని బలంతోనే వినిపించాను’ అన్నది దాని ఒడంబడిక. ప్రతిపక్షాన్ని బలహీనపరిచి ఖండిస్తే వ్యాసం నినాదమవుతుంది.

పరిశోధన వ్యాసం వీటికి భిన్నమైన మాట ఇస్తుంది: ‘దీనిని మీరు సరిచూసుకోవచ్చు.’ మూసీకి ముచుకుంద అనే పేరు, ముచుకుందుడి పురాణకథ ప్రసిద్ధం. వర్ణనాత్మక వ్యాసంలో ఆ కథ అందాన్ని ఇస్తుంది. పరిశోధన వ్యాసంలో అదే కథను ఎప్పటి నుంచి, ఏ గ్రంథంలో, ఏ శాసనంలో కనిపిస్తున్నదో చూపి, విశ్వాస చరిత్రకు ఆధారంగా వాడాలి. కథను సంఘటనగా మార్చి రాసిన క్షణంలో ఒడంబడిక తెగుతుంది. వికారాబాదు పేరు పైగా ప్రముఖుడు వికార్-ఉల్-ఉమ్రా పేరు మీదుగా వచ్చిందన్న ప్రసిద్ధిని కూడా ఇలాగే పరిశీలించాలి. ప్రసిద్ధి పరిశోధనకు ఆరంభస్థానం, దాన్ని ముగింపుగా చూపరాదు.

ఆత్మాశ్రయ వ్యాసం తాండూరు నాపరాయిని తీసుకొని చెప్పవచ్చు. పొరలు పొరలుగా విడివడే ఆ సున్నపురాయి ఎన్నో ఇళ్లకు నేలబండ అయింది. దాని రసాయన స్వభావం, గనుల లెక్కలు వివరణాత్మక వ్యాసానికి సంబంధించినవి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండ మీద పడుకున్న బాల్యపు చల్లదనం ఆత్మాశ్రయ వ్యాసానికి వస్తువు. ఇక్కడి ఒడంబడిక సత్యనిష్ఠకు మినహాయింపు కాదు. ఆధారం బయట కాకుండా అనుభవంలో ఉంటుంది, ఆ అనుభవం అరువుది కాకూడదు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది గురించి కూడా రైతు అనుభవం, నేల శాస్త్రం, మార్కెట్ చర్చ మూడు వేర్వేరు వ్యాసాలవుతాయి. మూడింటినీ కలిపి రాయవచ్చు కాని, ఏ వాక్యం ఏ పూచీ మీద నిలిచిందో పాఠకుడికి తెలియాలి.

7. బోధనలో దీని ప్రాధాన్యం

ఒక ప్రాంతం కొత్త జిల్లాగా ఏర్పడినప్పుడు దానికి చరిత్ర రాసే అవసరం వెంటనే వస్తుంది. కళాశాల సంచికలు, జిల్లా ప్రత్యేక సంచికలు, పరిశోధక విద్యార్థుల ప్రాజెక్టులు ఆ పని చేస్తాయి. వికారాబాద్ జిల్లాకు సంబంధించి అటువంటి రచన గుల్బర్గా, హైదరాబాదు, మహబూబ్‌నగర్, రంగారెడ్డి జిల్లాల దస్తావేజులలో చెదిరి ఉన్న సమాచారం మీద, తెలుగుతోపాటు ఉర్దూ, కన్నడ ఆధారాల మీద నిలవాలి. విద్యార్థికి వర్ణన, కథన, వివరణ, చర్చ అనే పేర్లు మాత్రమే నేర్పితే, స్థలపురాణాన్ని ‘కథనాత్మక వ్యాసం’గా రాసి చరిత్ర అనుకొనే ప్రమాదం ఉంది. రూపపరంగా ఆ వ్యాసంలో తప్పు కనిపించదు. కనుక దిద్దే అధ్యాపకుడి దృష్టికీ ఆ లోపం రాకపోవచ్చు. అలాంటి వ్యాసం అచ్చయిన తరువాత మరొకరికి ఆధారమవుతుంది. ఒక తరం చేసిన పొరపాటు తరువాతి తరానికి ప్రమాణంగా మారడం ఇలాగే జరుగుతుంది.

నాలుగు రీతుల విభజనను తొలగించవలసిన అవసరం లేదు. ప్రారంభ అభ్యాసానికి అది ఉపకరిస్తుంది. దానికి ముందు ఒక ప్రశ్నను చేర్చాలి: ఈ వ్యాసం పాఠకుడికి ఏ మాట ఇస్తున్నది? ఆ మాట నిలుపుకోవడానికి ఎటువంటి ఆధారం కావాలి? ఈ ప్రశ్నతో మొదలుపెడితే వస్తువు, రీతి, భాష వాటంతటవే స్థానాలు వెతుక్కుంటాయి.

8. ముగింపు

తెలుగు వ్యాసం ప్రమేయంగా పుట్టినప్పుడు హేతువును, ఉపన్యాసంగా ఎదిగినప్పుడు సంఘాన్ని, సాక్షిగా మారినప్పుడు హాస్యాన్ని, తెలంగాణలో పరిశోధనగా నిలిచినప్పుడు ఆధారాన్ని ఆశ్రయించింది. ఈ భేదాలు కాలం అడిగిన అవసరాల నుంచి పుట్టాయి. మజ్మూన్, ప్రబంధ, నిబంధ, వ్యాసం అనే నాలుగు పేర్లూ వినిపించే వికారాబాద్, తాండూరు ప్రాంతం ఈ సత్యాన్ని స్పష్టంగా చూపుతుంది. ఈ ప్రాంతపు ఉర్దూ, కన్నడ వ్యాసాలను తెలుగు వ్యాసాలతో కలిపి అధ్యయనం చేయడం, స్థానిక చరిత్ర రచనలో జనశ్రుతిని, ఆధారాన్ని వేరుచేసి చూపే అభ్యాసాన్ని డిగ్రీ స్థాయిలోనే మొదలుపెట్టడం తక్షణం జరగవలసిన పనులు. ముద్దునరసింహం నాయుడు తన రచనకు పెట్టిన ‘ప్రమేయం’ అనే పాత పేరు ఈ పనికి నేటికీ తగిన సూచనగా నిలుస్తుంది.